తోడికోడలి గది లైను

చరిత్రకారులు యుద్ధాలకు కారణాలు వెతుకుతూ సరిహద్దులనీ నదులనీ సింహాసనాలనీ తిరుగుతారు గానీ, పక్కవాళ్ళ ప్లగ్గు పీకి తమది పెట్టుకునే అలవాటు మీద ఇంతవరకూ ఒక్క గ్రంథమైనా రాసిన పాపాన పోలేదు. ఆ లోటు పూడ్చడానికి సరిపడా సామగ్రి ఆ మేడమీది వాటాలో ఉంది.

అక్కడ అన్నదమ్ములిద్దరి కాపురాలు. చెరొక గది, నడుమ హాలు, హాలు గోడకు ఒకే ఒక్క పెద్ద సాకెట్. దాని పక్కనే చిన్నకోడలి ఎంబ్రాయిడరీ మిషను. వీధి వీధంతా ఆవిడను పూలపిన్ని అంటుంది. పూలు అమ్మదు, బట్టల మీద కుడుతుంది. పెళ్ళికి ముందు ఓ కుట్టు దుకాణంలో గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి, చివరికి సొంత మిషను కొనుక్కుంది. తన మొహం కంటే మిషను మొహమే ఆవిడ ఎక్కువసార్లు చూస్తుందని మొగుడు అందరికీ చెబుతాడు, పెద్దగా బాధేమీ లేకుండా.

పెద్దకోడలు జుట్టు ఆరబెట్టుకోవాలన్నా, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలన్నా హాల్లోకి వస్తుంది. "ఒక్క నిమిషం, చెల్లీ" అంటుంది. జవాబు వచ్చేలోపు మిషను ప్లగ్గు ఆవిడ చేతిలో ఉంటుంది. మళ్ళీ నడిపినప్పుడు మిషను ఆగిన చోటు మరిచిపోయి వెంట్రుకవాసి పక్కకు కుడుతుంది. మొన్న ఇలాగే ఓ తెల్లగౌను మీది గులాబీ కాస్తా క్యాబేజీ అయి కూర్చుంది. ఇంకొక్కసారి ఇలా అయితే పని వేరేవాళ్ళకు ఇచ్చుకుంటామని ఆర్డర్లిచ్చే దుకాణంవాళ్ళు మెత్తగానే చెప్పారు.

పూలపిన్ని పోట్లాడలేదు. పోట్లాట ఒక్కపూటతో చల్లారిపోతుంది, ఆవిడకు అంత చౌకబారు ముగింపు అక్కర్లేదు. ఆవిడ పథకం ఇదీ: తన గదిలో కొత్త సాకెట్లు పెట్టించుకుంటుంది. వాటికి కరెంటు తోడికోడలి గది లైను నుంచి లాగిస్తుంది. నడివేసవి మధ్యాహ్నం మిషనూ ఇస్త్రీపెట్టే ఒకేసారి వేస్తుంది. బరువెక్కువై అవతలి గది ఎమ్‌సీబీ మీట ఠపీమని పడి కరెంటు పోతుంది, ఫ్యాను ఆగుతుంది, పెద్దకోడలు చెమటలు కక్కుతూ బయటికొస్తుంది. అప్పుడు తాను గుమ్మంలో నిలబడి, "ఒక్క నిమిషం, అక్కా" అంటుంది. ఈ ఒక్క మాటనూ అద్దం ముందు రకరకాల గొంతులతో అని చూసుకుంది. చివరికి తేనె పూసిన గొంతు ఖాయం చేసింది.

కరెంటు మేస్త్రి వచ్చాడు. తీగ ముట్టుకునే ముందు ఉపన్యాసం ఇవ్వకపోతే చేతులాడని మనిషి. పక్కగది లైను నుంచే ఎందుకని అడిగాడు. దగ్గరని ఆవిడ చెప్పింది. మెయిన్ బోర్డు ఇంకా దగ్గరన్నాడు.

"వాళ్ళ ఎమ్‌సీబీ పడాలయ్యా. రోజుకోసారి పడినా చాలు."

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. "పడితే అదృష్టమే అమ్మా. పడకపోతే? అది ఫ్యానుకీ లైటుకీ వేసిన సన్నవైరు. దాని నెత్తిన ఇస్త్రీపెట్టె పెడితే గోడలోపలే కాలుతుంది. ఆ గోడ మీ ఇద్దరిదీ."

ఆ గోడకు ఆనించే మిషను పెట్టాలని ఆవిడ అప్పటికే చోటు కొలిచి పెట్టుకుంది. పగకు వెలకట్టడం అదే మొదటిసారి, బేరం కుదరలేదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా మందపాటి వైరు, ఎర్తుతో సహా, దానికో సొంత ఎమ్‌సీబీ అన్న షరతులకు పళ్ళు నూరుతూ తలూపింది. పగ వాయిదా పడింది తప్ప రద్దు కాలేదు.

ఏ ఎమ్‌సీబీ ఎక్కడికి పోతుందో తెలియకుండా పని మొదలుపెట్టనని మేస్త్రి ఒక్కొక్కటే దించుతూ, ఎత్తుతూ, టెస్టు లైటుతో సాకెట్లన్నీ చూసుకుంటూ పెద్దకోడలి గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఏదో అనుమానం వచ్చి మెయిన్ కట్టేశాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి.

దేవుడిచ్చిన అవకాశం. ఏళ్ళుగా తొక్కని ఆ గది గడప దగ్గరికి పూలపిన్ని వెళ్ళి నిలబడింది. పెద్దకోడలు తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని చెమట తుడుచుకుంటోంది.

"ఒక్క నిమిషం, అక్కా." తేనె సరిగ్గా కుదిరింది.

"ఫర్వాలేదులే చెల్లీ, నాకు అలవాటే," అంది పెద్దకోడలు, మేస్త్రి చేతికేసి చూస్తూ. "మీ బావగారు రేపు చూద్దాం అంటూనే ఉన్నారు."

మేస్త్రి మరోసారి టెస్టరు పెట్టి చూసి, మంచం వెనక సాకెట్ మరలు విప్పాడు. లోపల తీగలు నల్లగా మాడి, కొసలు తెగి ఉన్నాయి. ఆ గదిలో ఉన్నది అదొక్కటే సాకెట్. అందులో కరెంటు లేక చాలా ఏళ్ళయింది.