గతుకుల దారిలో రేడియేటరమ్మ

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పక్క సీటులోంచి గుడగుడమని చప్పుడు వస్తోంది. మొదటిసారి పాపం ఆకలేమోననుకుని మర్యాదగా కిటికీ వైపు తిరిగాను. రెండోసారి నా కడుపేనేమోనన్న అనుమానంతో సర్దుకు కూర్చున్నాను. మూడోసారికి ఆవిడే నోరు విప్పింది.

“మీరు కాదులెండి బాబాయిగారూ. ఇది.”

దుప్పటి కాస్త పక్కకు తీసి చూపించింది. ఒళ్లో కంప్యూటర్! ఒక వైపంతా అద్దం. అద్దం వెనక వేలెడు లావు గొట్టాలు, వాటిలో నీళ్లు. అడుగున నీళ్లు నిలిచే చిన్న గాజు డబ్బా, దానికో పంపు. నెత్తిన కిరీటంలా ఇత్తడి రేడియేటర్.

ప్రయాణాల్లో జనం ఒళ్లో పెట్టుకునే వస్తువులు నేను చాలా చూశాను. ఒకాయన పళ్ల డాక్టరు కుర్చీకి తల ఆనించే దిండు ఒక్కటీ ఒళ్లో పెట్టుకుని రైల్లో రెండు రోజులు కూర్చున్నాడు. మిగతా కుర్చీ ఏదని అడిగితే బావురుమన్నాడు. అది వేరే కథ. నీళ్లు తాగే కంప్యూటర్‌ను మాత్రం అదే చూడటం.

ఈలోగా కండక్టరు వచ్చాడు. “అక్కా, దీనికి టికెట్టు?”

“ఒళ్లో పిల్లకి టికెట్టేమిటి తమ్ముడూ?”

“పిల్లకి ఎన్నేళ్లు?”

“మొన్న బుధవారం పుట్టింది.”

“అప్పుడే గుటకలేస్తోందే, గట్టిపిండమే!” అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడకు యాభై దగ్గర పడుతూ ఉంటాయి. చేతి వేళ్ల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు, జుట్టు ముడిలో దోపిన స్క్రూడ్రైవర్. కార్ల రేడియేటర్లు బాగుచేసే షాపట, తండ్రి పెట్టింది. పదమూడో ఏట నుంచి అందులోనే పని. తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ టంకం పెట్టటం ఆమె విద్య. కస్టమర్లంతా రేడియేటరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు చెప్పిందిగానీ, అది ఆమెకే కొత్తగా వినిపించినట్టుంది.

“ఇప్పుడన్నీ ప్లాస్టిక్‌వి వచ్చాయి బాబాయిగారూ. పగిలితే పారేయటమే. ఆరు నెలలుగా షాపులో ఈగలు కూడా బోణీ చెయ్యలేదు.”

మరి ఈ కంప్యూటర్ గొడవేమిటంటే, ఆమె తమ్ముడు బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో పనిచేస్తాడు. అక్కడ కంప్యూటర్లను ఓవర్‌క్లాక్ చేస్తారు. అంటే కంపెనీవాడు నలభైలో వెళ్లమన్న బండిని ఎనభైలో తోలటమన్నమాట. పని తొందరగా తెములుతుంది. వేడి కూడా అంత తొందరగానే ఎక్కుతుంది. ఒకరోజు తమ్ముడు ఒక కంప్యూటర్ తెచ్చి ఆమె ముందు పెట్టి, “ఇంజన్లు చల్లారుస్తావుగా అక్కా, దీన్నీ చల్లార్చు” అన్నాడు. మూలనపడ్డ పాత కారు రేడియేటర్‌ను కోసి, చిన్నది చేసి, నెత్తిన బిగించింది.

“ఇవాళ పదకొండింటికి స్టూడియోలో పరీక్ష. గంటసేపు ఒళ్లొంచి పనిచెయ్యాలి, ఎనభై డిగ్రీలు దాటకూడదు. నెగ్గితే వాళ్ల ముప్పై కంప్యూటర్లూ నా చేతికొస్తాయి. లేదంటే షాపు మూసేసి మా వదిన కుట్టుషాపులో గుండీలు కుట్టుకోవాలి.”

“గుండీలు కుట్టటం తప్పేం కాదుగదమ్మా.”

“మీరు మా వదినను చూళ్లేదు.”

చిక్కేమిటంటే, ఇంట్లో నాలుగుసార్లు పరీక్ష పెడితే నాలుగుసార్లూ ఓడింది. ముప్పై ఏడో నిమిషందాకా బంగారు తల్లి. ముప్పై ఎనిమిదో నిమిషంలో తొంభై అయిదు డిగ్రీలకెక్కి టప్పున ఆరిపోతుంది. చిప్పుకూ దాని మీది రాగి దిమ్మకూ మధ్య వేడి లాగటానికి రాసే పేస్టు నాలుగుసార్లు తుడిచి నాలుగుసార్లు రాసింది. లాభం లేకపోయింది.

“కారణం తెలియకుండానే వెళ్తున్నావా?”

“రమ్మన్నది ఇవాళ. తెలిసేదాకా ఆగమంటే ఆగుతారా?” అంటూ సంచీలోంచి స్కూటర్ బ్యాటరీ తీసి నా ఒళ్లో పెట్టింది. “కాస్త పట్టుకోండి. పంపొక్కటీ తిప్పి, ఆ గుడగుడ ఎక్కణ్ణించో వింటాను.”

వైర్లు తగిలించింది. పంపు జుయ్యిమంది. ఆమె చెవి అద్దానికి ఆనించిందో లేదో, బస్సు గతుకులో ధభీమని దిగింది. నేను ఎగిరాను. కంప్యూటర్ ఆమె ఒళ్లోంచి నా మీదికి పక్కవాటుగా ఒరిగింది. లోపల ఏనుగు నీళ్లు పీల్చినంత చప్పుడు! పై గొట్టంలోంచి బుడగలు బిలబిలమంటూ దిగి గాజు డబ్బాలోకి వచ్చాయి. డబ్బాలో నీటిమట్టం రెండు వేళ్లు తగ్గింది.

“పగిలిందా?” అన్నాను భయంభయంగా.

ఆమె నెత్తిన కొట్టుకుంది. తరవాత నవ్వటం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపదే!

“గాలి! నెత్తి మీద గాలి కూర్చుంది. సగం రేడియేటర్లోకి నీళ్లే పోవటం లేదు. కారు రేడియేటర్‌కు పైన మూత ఉంటుందా, గాలి అందులోంచి పోతుంది. దీనికి ఆ మూత బొడిపెలా ఉంది, చూడ్డానికి బాగాలేదని నేనే కోసేసి టంకం పెట్టాను. ముప్పై ఏళ్లుగా వచ్చిన డ్రైవర్నల్లా ‘మూత చూసుకోవయ్యా’ అని తిట్టినదాన్ని!”

ఇక ఆమెను పట్టటం ఎవరి తరం? సీటు మీద సగం లేచి అరిచింది.

“డ్రైవరుగారూ, ఈసారి గతుకు వస్తే గట్టిగా దింపండి!”

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. “ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా నాది. నడుములు విరగ్గొడుతున్నావని తిట్టినవాళ్లేగానీ ఇంకా గట్టిగా అని అడిగినవాళ్లు లేరు.” అని మీసం దువ్వుకుని, ఆ గౌరవానికి తగ్గట్టే దింపాడు. గుడగుడ! మరో వేలు తగ్గింది. వెనక సీట్లవాళ్లు లేచి నిలబడ్డారు. “ఎడం పక్క పెద్దదుందన్నా, వదలకు!” అని ఒకడు. “అయ్యో, పక్కనుంచి పోనిచ్చాడు!” అని ఇంకొకావిడ. మలుపు తిరిగేసరికి కొత్తగా వేసిన నున్నటి రోడ్డు. బస్సంతా ఒక్క గొంతుతో ఉసూరుమంది. మంచి రోడ్డును చూసి జనం శాపనార్థాలు పెట్టటం నా జన్మలో అదే చూడటం.

అప్పుడు కండక్టరు టికెట్ల సంచీ పక్కన పెట్టి, కంప్యూటర్‌ను ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస నాకిచ్చాడు. ఇద్దరం ఉయ్యాల ఊపినట్టు ఊపాం. ఆగిన స్టాపులో డ్రైవరు ఇంజను కట్టేసి టైమిచ్చాడు. నీళ్లు నింపటానికి నా సీసా ఇవ్వబోతే ఆమె చేత్తో తోసేసింది.

“అవి మీరు తాగండి. ఇందులో పోస్తే పాచి పడుతుంది.” బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసి డబ్బా నింపింది. చెవి పెట్టి విన్నది. జుయ్యిమనటం తప్ప మరే చప్పుడూ లేదు.

నేను దిగాల్సింది ఇంకా ఏడు స్టాపుల అవతల. ఆమె వెంటే దిగాను. బ్యాటరీ నా చేతిలోనే ఉంది మరి.

స్టూడియో ముందు గదిలో బల్ల మీద పెట్టి నడిపించారు. యజమాని, కళ్లద్దాల సన్నటాయన, గడియారం పట్టుకుని కూర్చున్నాడు. అరవై ఒకటి. అరవై ఎనిమిది. ముప్పయ్యో నిమిషానికి డెబ్భై రెండు. ఆమె స్క్రీన్ వైపు చూడటమే లేదు. రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి, బిడ్డకు జ్వరం చూసే తల్లిలా నిలబడింది. భరించలేక నేను ఎప్పుడో ఎక్కిన ఓడలో కొలిమి సంగతి ఎత్తుకున్నాను.

“బాబాయిగారూ, దణ్ణం పెడతాను, కాసేపు ఊరుకోండి.”

ముప్పై ఏడు. డెబ్భై మూడు. ముప్పై ఎనిమిది. ఆమె కళ్లు మూసుకుంది. డెబ్భై నాలుగు. నలభై. డెబ్భై నాలుగు. అక్కడే మేకు కొట్టినట్టు గంటయ్యేదాకా కదల్లేదు.

యజమాని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “దానికి పట్టాల్సిన చెమట నాకు పట్టిందమ్మా. మిగతా ముప్పై ఆ లోపలి గదిలో ఉన్నాయి. ఎప్పుడు మొదలుపెడతావు?”

తలుపు సందులోంచి ముప్పై కంప్యూటర్ల ఫ్యాన్ల రొద, వేడిగాలి వస్తున్నాయి. ఆమె అటు తిరిగి కాసేపు విన్నది. ముఖం పెళ్లిపందిట్లోకి అడుగుపెట్టబోయేదానిలా వెలిగిపోతోంది.

“అమ్మా, నీ బ్యాటరీ...” అన్నాను.

విన్నట్టు లేదు. “వీటన్నిటికీ మూతలుంచుతాను” అని తనలో తనే అనుకుంటూ, ముడిలోంచి స్క్రూడ్రైవర్ లాగి లోపలికి వెళ్లిపోయింది.