రొట్టె కొట్టేటప్పుడు అవ్వ మౌనం

చిట్యాల దగ్గర రోడ్డు పక్కన ఒకావిడ జొన్నరొట్టెలు చేసి అమ్ముతోంది. కాలుతున్న పిండి వాసన తగలగానే నా వెన్ను నిటారైంది. పక్కనే మనవరాలు కళ్లు మూసుకుని ఒక్కో ముక్కనూ నిదానంగా నములుతోంది.

"ఏం చేసినా మనసు దాని మీదనే ఉంచాలె తాతా, ధ్యానం క్లాసుల నేర్పిన్రు" అంది.

నోరు మెదపకుండా పని చేసుకునే మనిషిని నేనింకా నమ్మను. మా అవ్వ రొట్టె కొట్టేటప్పుడు పలకరించినా పలికేది కాదు. నా ఎనిమిదో ఏట, పొదుగుతున్న కోడి కింద నుంచి పది గుడ్లు తీసి, దుకాణంలో ఇచ్చి బిస్కెట్లు తెచ్చుకున్నాను. పది అబద్ధం, రెండే. మరునాడు పొయ్యి ముందున్న అవ్వను కదిలించి చూశాను.

"అవ్వా, కోడి మంచిగున్నదా?"

జవాబు లేదు. చూపంతా పిండి మీదే. సంగతి తెలిసిపోయిందని, రొట్టెలయ్యాక నా వంతేనని అనుమానం పట్టుకుంది. గంటసేపు బండరాయిలా నిలబడ్డానని అందరికీ చెబుతుంటాను కానీ, ఒక్క రొట్టె తిరగేసేలోపే ఏడ్చేశాను.

"గుడ్లు నేనే తీసిన అవ్వా."

"ఏం గుడ్లురా?" అవ్వ తలెత్తింది. చేతి కింది రొట్టె నడిమికి పలిగింది. "జర పక్కకు చూస్తే గిట్లనే పలుగుతది. అందుకే మాట్లాడలే."

ఆ తర్వాత నాకు రెండు దెబ్బలు పడ్డాయి, గుడ్లకొకటి, రొట్టెకొకటి. రొట్టెకు పడిందే గట్టిది.