ఇంత బరువు ఎక్కడికి పోతుంది?

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్కను ఎవరు పలకరించినా, బట్టల మాట కంటే ముందు ఒక ప్రశ్న మీదపడేది.

"లారీ ఆగింది కదా, ఊచలెందుకు ఆగలేదంటావు?"

ఆమె భర్త లారీ డ్రైవరు. ఇనుప ఊచల లోడుతో పోతూ, అడ్డొచ్చిన కుక్క కోసం బ్రేకు తొక్కాడు. కుక్క బతికింది. వెనకున్న ఊచలు క్యాబిన్‌ను చీల్చుకొచ్చి ఆయన ప్రాణం తీశాయి. అంత గట్టిగా ఎందుకు తొక్కాలని అందరూ ఆయననే తప్పుపట్టారు. అక్క కూడా గోడమీది ఫోటోతో రోజూ తగువు పెట్టుకునేది.

"కుక్క కనబడింది. ఇంట్లో నేనొకదాన్ని ఏడిచానని గుర్తు రాలేదా, మహానుభావా?"

ఒకసారి, ఆమెకు బట్టలిచ్చే లెక్చరరమ్మ చెప్పబోయింది. "బస్సు బ్రేకు వేస్తే నువ్వు ముందుకు తూలవూ? ఇదీ అంతే."

"నేనంటే ఎండుపుల్లని, తూలతాను. అవి టన్నుల బరువమ్మా! కూర్చున్నచోటే కూర్చోవద్దూ?"

ఇంతలో లెక్చరరమ్మ ఎక్కాల్సిన బస్సు వచ్చింది. మాట అక్కడే తెగింది.

ఆ నమ్మకం అక్కకు తమ్ముడి నుంచి అంటింది. గోదాములో లారీలకు ఇనుము లోడు ఎత్తేది వాడే. ప్రమాదం జరిగిన రోజు అక్క భర్తకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లేసరికి ఆయన వాణ్ణి అడుగుతున్నాడు.

"ఏం బావమరిదీ, ఊచలకు గొలుసు వెయ్యవా?"

"దూది మూటలైతే కడతారు బావా. ఇంత బరువు ఎక్కడికి పోతుంది? నీ పిరికితనం పెళ్లినాటి నుంచీ చూస్తున్నాలే."

ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ఆయన పోయాక అక్కకు మిగిలిన దిక్కు ఆ తమ్ముడే. పొద్దున్నే వచ్చి, బండిని వాలు దించి మలుపులో పెట్టి, ఆపైన పనికి పోయేవాడు.

మొన్న కూడా వచ్చాడు. బట్టల మూటను తాడుతో బండికి బిగించాడు. ఇస్త్రీ పెట్టెను బల్లమీద ఊరికే పెట్టాడు.

"దానికీ ఓ చుట్టు వెయ్యరా, బద్ధకిస్టూ."

"ఇంత బరువు ఎక్కడికి పోతుందిలే అక్కా."

వాలులో బండి ఊపందుకుంది. ముందు చక్రం గుంతలో పడి టక్కున ఆగింది. మూట కదల్లేదు. పెట్టె మాత్రం జర్రున జారి, ముందు చెక్కను విరగ్గొట్టుకుని రోడ్డుమీద పడింది.

బండిని గుంత ఆపింది. మూటను తాడు ఆపింది. మరి పెట్టెను ఆపేదెవరు? బరువు కదలడానికి ఎంత మొరాయిస్తుందో, కదిలాక ఆగడానికీ అంతే మొరాయిస్తుందని అక్కకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఊరందరినీ అడిగిన దానికి జవాబు రోడ్డుమీద బోర్లా పడి ఉంది. ఎందుకు అడిగానురా భగవంతుడా అనిపించింది.

తలెత్తి చూస్తే తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా... ఆవేళ బావ..."

"ముందు పెట్టె ఎత్తు. బట్టలవాళ్లు వస్తారు."

ఇంటికి వచ్చాక ఫోటో ముందు నిలబడింది. "తప్పు నీది కాదయ్యా" అంది. మరి ఎవరిదని ఆయన అడుగుతాడేమోనని చప్పున లైటు ఆర్పేసింది.

మర్నాడు ఆమె బయటికి వచ్చేసరికి పెట్టె బండికి కట్టేసి ఉంది. ఒకదానిమీద ఒకటి ముడులు. తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. పెట్టెలో బొగ్గులు వెయ్యాలి, ముడి ఊడి రాదు. అక్క గోళ్లు నొప్పెట్టాయి.

"విప్పరా. నావల్ల కావడం లేదు."

వాడు లాగాడు, పళ్లతో కొరికాడు. "నావల్లా కావడం లేదక్కా" అంటూ ఆ ముడిమీదే తల వాల్చి భోరుమన్నాడు.

నిమరబోయిన అక్క చెయ్యి వాడి తలదాకా వెళ్లి, చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.