దగ్గరకు రావే నీరూ

మొన్న శనివారం పొద్దున్న, తాడేపల్లిగూడెం నుంచి కాలేజీ అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుని, సంచీలోంచి కాగితాల కట్ట తీసి, నా పాట గురించి తాను రాసింది చదువుతానని, తప్పులుంటే చెప్పమని అడిగింది. డెబ్బై ఏళ్లు వచ్చాయి, తప్పులు చెప్పమని నన్ను అడిగినవాళ్లు ఈ అమ్మాయికి ముందు లేరండీ. నాకు సంతకం వరకే వచ్చు. ఇదైనా నేను నోటితో చెబుతుంటే మా మనవరాలు రాస్తున్నదే. అలాంటిదాన్ని, కాళ్లు చాపుకున్నదాన్ని కాస్తా ముడుచుకుని, పెద్ద పరీక్షాధికారిలాగా కూర్చుని విన్నాను. వింటూ వింటూ ఉండగా, దిద్దాల్సిన తప్పు నాదేనని తెలిసింది.

ఆ పాట సంగతి ముందు చెప్పాలి. మా కొల్లేటి ఒడ్డున నాలుగైదు ఊళ్లలో ఆడవాళ్లం వరినాట్లు ఊడ్చేటప్పుడు పాడుకునే పాట అది. "నీరూ నీరూ, దగ్గరకు రావే నీరూ, గడప దాకా వచ్చి పోవే నీరూ" అని మొదలవుతుంది. పోయిన ఏడాది ఈ అమ్మాయి పాతపాటలు పోగుచేసుకుంటూ మా ఊరు వచ్చి, నా చేత పాడించి ఫోనులో పట్టుకుని, ఇది ఎప్పటిదండీ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా తోడికోడలు, మా ముత్తవ్వల నాటిదమ్మా అని చెప్పేసింది. నేను తలూపాను. ఎందుకు ఊపానంటే ఏం చెప్పను, చుట్టూ పదిమంది ఆడవాళ్లు గర్వంగా నిలబడి ఉన్నారు, అంతమందిలో కాదనడానికి నోరు రాలేదు.

ఆ ఊపిన తల ఇప్పుడు కాగితాల కట్ట అయి వచ్చింది. కొల్లేటి జనం వరదను తిట్టుకోకుండా చుట్టాన్ని పిలిచినట్టు గడప దాకా రమ్మని పిలిచారనీ, అది మన పూర్వుల పెద్దమనసనీ, ఇలాంటి పాట మరెక్కడా లేదనీ ఆ అమ్మాయి ఎంతో ముచ్చటగా రాసుకుంది. దాని మీదే ఆమె పెద్దచదువు పట్టా ఆధారపడి ఉందట. అయ్యో, బుడమేరూ తమ్మిలేరూ ఒక్కసారే పొంగితే ధాన్యం బస్తాలు అటక మీదకి ఎక్కించుకుని, గొడ్లను తోలుకుని, పిల్లల్ని చంకనేసుకుని గట్టెక్కేవాళ్లం మేము. వరదని గడపలోకి రమ్మని పిలిచే వెర్రివాళ్లు కొల్లేట్లో ఎవరున్నారండీ? ఆ మాట ఆ పాటలోకి ఎలా వచ్చిందో లోకంలో నా ఒక్కదానికే తెలుసు.

నా పెళ్లయిన ఆరో ఏడు మా ఆయనకి జ్వరం వచ్చింది. వానలు పట్టుకుని రోడ్డు మీద నడుము లోతు నీళ్లు. దోనెలో పడుకోబెట్టి భీమడోలు దాకా చేర్చి, అక్కడి నుంచి ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి ఆయన లేరు. అంతకన్నా చెప్పను, ఆ సంగతి తలుచుకోవడానికి ఈ కథ మొదలుపెట్టలేదు. పిల్లవాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి, ఏలూరులో కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఒక అమ్మగారి ఇంట్లో పనికి కుదిరాను. ఆదివారం ఆదివారం పాసింజరు బండెక్కి భీమడోలులో దిగి పిల్లవాణ్ణి చూసుకుని వచ్చేదాన్ని.

అమ్మగారు ఒక్కరే ఉండేవారు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, కాఫీ గ్లాసు పట్టుకుని, మూలనున్న పాటల పెట్టె మూత ఎత్తి, నల్లటి పళ్లెం లాంటి ప్లేటు తిరగనిచ్చి దాని మీద సూది దింపేవారు. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకోవడం నా పని. ఆ ప్లేట్లన్నీ ఒకే ఒక్క ఆవిడవి. అట్ట మీద ఆవిడ బొమ్మ ఉండేది, నల్లని మనిషి, కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఎవరో చెప్పేది వింటున్నట్టు పాడుతూ ఉండేది. ఆ పేరు అమ్మగారు నాకు ఎన్నిసార్లు చెప్పారో, నా నాలుక మాత్రం తిరగలేదు. ఆ సంగీతాన్ని జాజ్ అంటారని చెబితే నేను చాలా రోజులు జాజిపూల పాటలనుకున్నాను. పేరు పలకడం రాక నేను ఆవిడకి బొంగురమ్మ అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే ఆవిడ గొంతు అచ్చం నా గొంతులాగే బొంగురు.

నా గొంతు గురించి కూడా చెప్పాలి కదండీ. చిన్నప్పటి నుంచీ నాది గీరుకుపోయిన గొంతు. ఊడ్పుల్లో మా పెద్దత్త ముందుగా పాడితే మిగతావాళ్లం వంత పాడేవాళ్లం. నేను వంత అందుకున్నానంటే పెద్దత్త నడుము ఎత్తి, "నువ్వు ఊరుకోవే తల్లీ, కప్పలు తమని పిలుస్తున్నారనుకుని వచ్చేస్తున్నాయి" అనేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, కానీ ఆ తర్వాత పెదాలు మాత్రమే కదిపేదాన్ని. మా ఆయన పోయాక అదీ మానేశాను. అలాంటి గొంతే పెట్టెలోంచి వస్తుంటే, చదువుకున్న అమ్మగారు కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా వింటుంటే, నాకు మొదట నమ్మకం కుదరలేదు. పనయిపోయినా చేట కింద పెట్టకుండా, ఏరిన బియ్యమే మళ్లీ ఏరేదాన్ని.

వినగా వినగా ఆవిడ కిటుకు ఒకటి నాకు అర్థమయింది. వాయించేవాళ్లు ముందు పోతూ ఉంటారు. ఈవిడ మాత్రం ఏ తొందరా లేకుండా ఒక అడుగు వెనకే ఉండి, అందరూ వెళ్లిపోయాక వాకిలి దగ్గరేసి వచ్చే ఇల్లాలిలాగా నింపాదిగా వచ్చి, సరిగ్గా మలుపు దగ్గర వాళ్లని కలుసుకునేది. మేము ఊడ్చేటప్పుడు వెనక్కి వెనక్కి నడుస్తాం. నారు ముందు నిలబడిపోతుంది, మేము వెనక్కి జరుగుతాం. ఆవిడ పాటా అంతే, మాటని ముందు నాటి తాను వెనక్కి జరుగుతుంది. ఇది అమ్మగారికి చెబితే ఆవిడ పెట్టె ఆపి, నన్ను మళ్లీ చెప్పమని, కాలేజీలో పిల్లలకి చెబుతానన్నారు. చెప్పారో లేదో తెలియదు.

ఒకే పాట రెండు ప్లేట్ల మీద ఉండేది. ఒకటి ఆవిడ వయసులో ఉన్నప్పుడు పాడింది, తేనెలా జారిపోయేది. రెండోది పోయేముందు పాడింది, ఊపిరి చాలక మాట మధ్యలో తెగేది. కంఠం పాడైపోయిందని అమ్మగారు రెండోది ఎక్కువగా పెట్టేవారు కారు. నేను అడిగి పెట్టించుకునేదాన్ని. మొదటిదాంట్లో పాట బాగుండేది, రెండోదాంట్లో మనిషి కనిపించేది.

ఈ పాటలన్నీ ఎక్కడివని ఒకరోజు అడిగాను. అమ్మగారు ఓపిగ్గా చెప్పారు. ఆవిడ ముత్తాతల్ని ఓడల్లో తెచ్చి పత్తిచేలలో వెట్టిచాకిరీ చేయించారట. చేలో ఒకళ్లు పిలిచినట్టు పాడితే మిగతావాళ్లు పలికేవారట, మాలాగే. ఆ పిలుపులే తర్వాత పట్నాలకి వచ్చి బూరలతో, పియానోతో కలిశాయట. నాకు నచ్చిన ఆ పాట మాత్రం చేలో పుట్టింది కాదట. ఎవరో ఒకాయన పట్నంలో కూర్చుని నాటకానికి రాస్తే, ఆ నాటకం పట్టుమని పది ఆటలు ఆడకుండా పోయిందట. పాటని ఈవిడ తెచ్చుకుని, దాంట్లో తన అమ్మమ్మల పిలుపు కలిపి పాడితే, రాసినాయన కూడా ఇది నేను రాసిందేనా అన్నాడట. మరైతే పాట ఎవరిదండీ అని అడిగాను. ఆ సంగతి ఇంకా తేలలేదు అన్నారు అమ్మగారు.

ఆ పాటలోనే ప్రతి చరణం చివరా బొంగురమ్మ "నీర్... నీర్..." అని సాగదీసేది. ఆ మాట రాగానే నా చేతులు ఆగిపోయేవి. రోడ్డు మీద నీళ్లు, దోనె, దాంట్లో ఆయన కళ్లముందు కదిలేవారు. ఆవిడకీ అలాగే జరిగి ఉంటుంది, ఆవిడ ఊళ్లోనూ వరద మనిషిని తీసుకుపోయి ఉంటుంది అని నేను గట్టిగా అనుకున్నాను. ఏడాదికి పైగా అనుకున్నాను. చివరికి ఒకరోజు, "అమ్మగారూ, వాళ్ల ఊరికి కూడా వరద వస్తుందాండీ?" అని అడిగితే, ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నియర్ అంటే దగ్గర అని, పోయిన మనిషిని ఒక్కసారి దగ్గరకు రమ్మని పిలుస్తోందని చెప్పారు. చెబుతూ నా ముఖం చూసి నవ్వు ఆపేశారు. ఆ సాయంత్రం వంట ఆవిడే చేశారు.

మరుసటి ఏడాది అమ్మగారికి బదిలీ అయింది. పెట్టె, ప్లేట్లు అన్నీ లారీ ఎక్కాయి. నేను మా ఊరు వచ్చేసి మళ్లీ ఊడ్పులకి దిగాను. అప్పటికి పెద్దత్తకి ఆయాసం వచ్చి చేలోకి రావడం మానేసింది. ముందు పాడేవాళ్లు లేక, ఎవరి మడిలో వాళ్లం మూగగా ఊడ్చుకుంటూ ఉంటే, మూడో రోజున నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఆ వరస వచ్చింది. నీరూ నీరూ అని వచ్చింది, ఆ వెంటనే దగ్గరకు రావే అని వచ్చింది. రెండు అర్థాలూ నాలో కలిసిపోయి ఉన్నాయి, విడదీయడం నా వల్ల కాలేదు. ఎవరూ నవ్వలేదండీ. రెండోసారికి ఆ చివరి నుంచి ఎవరో వంత అందుకున్నారు. ఆ ఏడాది నుంచి ముందు పాడింది నేనే. నా పాట విని నేర్చుకున్నవాళ్లు భీమడోలు వైపు, నల్లజర్ల వైపు కాపురాలకి వెళ్తూ దాన్ని కూడా వెంట తీసుకుపోయారు. ఏదో పాతపాటే అనుకున్నారు, ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇదంతా మొన్న శనివారం ఆ అమ్మాయికి చెప్పేశాను. చెబితే ఆ పిల్ల చదువు ఏమైపోతుందోనని భయం, పుస్తకంలోంచి పాట కొట్టేస్తారని భయం, మా వాళ్ల ముందు నా పరువు సంగతి సరేసరి. అయినా వరదని పిలిచిన పూర్వుల పెద్దమనసు అని చదువుతూ ఆ పిల్ల కళ్లు మెరుస్తుంటే, ఇక ఊరుకుంటే పాపం అనిపించింది. "అది పూర్వుల పెద్దమనసు కాదమ్మా, నా చెవుడు" అన్నాను. ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వింటున్న మా తోడికోడలు మాత్రం బుగ్గ నొక్కుకుని, "ఇన్నేళ్లూ మోకాళ్లలోతు బురదలో ఇంగ్లీషు పాట పాడామా అక్కా? ముందే చెబితే చెప్పులేసుకుని పాడేవాళ్లం కదా" అంది. అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత అట్ట మీది బొమ్మ గుర్తులు, వరస, పాటలో ఆ ఒక్క మాటా అడిగి తెలుసుకుని, ఫోనులో ఏవేవో పాటలు వెతికి వినిపించింది. మొదటి నాలుగూ కాదన్నాను. అయిదోది మొదలవగానే, బూర ఇంకా ఊదుతూ ఉండగానే, నా చేతులు ఒళ్లో ఆగిపోయాయి. అది రెండోదే, ఊపిరి తెగే ప్లేటు. నలభై ఏళ్ల పైమాట, ఒక్క అక్షరం మారలేదు. మా తోడికోడలు కూడా గొంతు తగ్గించి, "ఈవిడా మనలాంటిదే" అంది.

"ఇక రాసిందంతా కొట్టేస్తావా అమ్మా?" అని అడిగాను.

"రెండు పేజీలు పోయాయి మామ్మగారూ. వాటి బదులు ఇరవై వచ్చేట్టున్నాయి" అంది. వాళ్ల మాస్టారు ఒప్పుకోకపోతే ఒప్పించే పూచీ తనదట. పాట పక్కన నా పేరు, దాని పక్కన నేను పలకలేని ఆ పేరు, అమ్మగారి సంగతి, నా చెవి సంగతి, అన్నీ వేస్తానంది. అమ్మగారి అడ్రసు ఎవరికీ తెలియదు, ఉన్నారో లేదో కూడా తెలియదు. ఉంటే, ఆ వయసులో కళ్లు ఆనకపోయినా ఎవరైనా చదివి వినిపిస్తారు.

ఇప్పుడు మా చుట్టుపక్కల చేలు చాలా వరకు చేపల చెరువులయ్యాయి. మిగిలిన చేలల్లో మిషను వచ్చి పూటకి అయిదెకరాలు ఊడ్చేస్తోంది. దాని మోతలో పాట పెట్టినా ఎవరికీ వినపడదు. వెనక్కి నడుస్తూ పాడినవాళ్లం మా ఊళ్లో ఏడుగురం మిగిలాం, అందులో ఇద్దరికి నడుము లేవదు. మా రోజుల్లో పాట ఎక్కడిదని అడిగేవాళ్లు లేరు, పాడేవాళ్లే అందరూ. ఈ రోజుల్లో పాడేవాళ్లు లేరు గానీ, అడగడానికి ఒక పిల్ల బస్సెక్కి ఇంత దూరం వస్తోంది. మొన్న వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, మామ్మగారూ, మీ పెద్దత్త పాడిన పాటలు మీకేమైనా గుర్తున్నాయా అని అడిగింది. పెదాలు కదిపిన పాటలు కదండీ, అన్నీ గుర్తున్నాయి.