గోల్ గీత మీద పెద్దన్న

మిగతావాళ్ళు ఐదు నిమిషాల్లో తయారైతే, ఆయనకు మోకాళ్ళకు పట్టీలు చుట్టుకోవడానికే అరగంట పడుతుంది. జట్టు కుర్రాళ్ళకు ఆయన పెద్దన్న. పన్నెండేళ్ళు డిఫెండర్‌గా ఆడించుకుని, వయసైపోయిందని సాగనంపిన పాత జట్టుతోనే ఆనాటి మ్యాచ్. ఆఖరి నిమిషానికి పెద్దన్న జట్టు ఒక్క గోల్ ముందుంది. అంతలో పాత జట్టు ఫార్వర్డ్, చిరుతలాంటి కుర్రాడు, గోల్‌కీపర్‌ను కూడా దాటేసి బంతిని బలంగా తన్నాడు. పెద్దన్న వాడి వెంట పడలేదు. బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టి గోల్ గీత మీద నిలబడ్డాడు. అది వచ్చి ఆయన ఛాతీకి కొట్టుకుని బయటికి పోయింది. ఆట ముగిసినట్టు ఈల మోగింది.

పాత కోచ్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “నిన్ను పంపించేసి తప్పు చేశాన్రా.”

“అయ్యో, మీరు పంపించబట్టే కదా సార్, ఇవాళ గెలిచినవాళ్ళ వైపున్నాను!” అని పెద్దన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే కుర్రాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకున్నారు.