ఆదివారం మధ్యాహ్నపు హత్యలు

బేకరీలో అందరికీ ఆవిడ కేకుల పిన్ని. వారమంతా కేకు పెట్టి తిప్పే పీట ముందు నిలబడి, క్రీము సంచి పిండుతూ గులాబీలు పూయించడం, పేర్లు రాయడం ఆవిడ ఉద్యోగం. పెళ్లిజంటకు పావురాలు, ఏడాది నిండిన పాపకు ఏనుగుపిల్ల, రిటైరయ్యే గుమాస్తాకు వాలుకుర్చీ, ఏది చేసినా ముద్దొచ్చేలా చేస్తుంది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం కాగానే కర్టెన్లన్నీ లాగేసి, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, శవాల సినిమాలు చూస్తుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

శవాలే ఉండాలని పట్టుదలేమీ లేదు. కథకు కాస్త తిక్క ఉంటే చాలు. తన అంత్యక్రియలకు తానే ఆలస్యంగా వెళ్లి వెనక వరసలో నిలబడ్డ పెద్దమనిషి, చేపల తొట్టెతో సంసారం చేసే లెక్కల మాస్టారు, ఊరంతా నిద్రలో నడుస్తుంటే ఒక్కడే మేలుకుని అందరి తలుపులూ మూసుకుంటూ తిరిగే కాపలావాడు... ఇలాంటివాళ్లు ఏ మూల దాక్కున్నా వెతికి పట్టుకుంటుంది. భాష రాకపోయినా ఆవిడకు బెంగ లేదు. "చచ్చేవాడు ఏ భాషలో అరిస్తే ఏంటి, అర్థమవుతుందిగా!" అంటుంది.

సోమవారం పొద్దున్నే, ఎవరూ అడక్కపోయినా, బేకరీలో తీర్పు చెప్పేస్తుంది.

"హంతకుడు మంచివాడే పాపం, ఓపికే తక్కువ."

"మొదటి శవంతో ఆపేస్తే సరిపోయేది. రెండోది మొహమాటానికి పెట్టినట్టుంది."

"హీరో కన్నా ఆ కిర్రుమనే తలుపే బాగా నటించింది."

పొయ్యి దగ్గరుండే మేస్త్రీ దండం పెట్టేవాడు. "పిన్నీ, నీ చేతి కేకు తినాలంటే భయమేస్తోంది."

"నీకెవరు పెడతానన్నారు?"

ఇంట్లో మాత్రం ఈ ముచ్చట్లకు మనిషి కరువు. వాళ్లాయన లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బతుకంతా పైకీ కిందికీ తిరిగిన అలసటో ఏమో, సోఫాలో కూర్చుంటే తెరమీద పేర్లు పడటం పూర్తికాకముందే గుర్రు మొదలు. సినిమా అయ్యాక కళ్లు నులుముకుంటూ "దొరికాడా?" అంటాడు. ఎవడు, ఎందుకు అన్న గొడవ ఆయనకు లేదు. ఇక కొడుకు సంగతంటారా, ఫోను లోంచి తలెత్తితే కదా.

అందుకే కొడుకు పెళ్లి చేసుకుని, మందుల షాపులో పనిచేసే పిల్లను ఇంటికి తెచ్చినప్పుడు పిన్ని ప్రాణం లేచివచ్చింది. మొదటి ఆదివారమే అడిగింది.

"సినిమా చూస్తావా అమ్మాయ్?"

"చూస్తానత్తయ్యా."

కోడలు సోఫా అంచున, ఇంటర్వ్యూకి వచ్చినదానిలా, దిండు వాటేసుకుని కూర్చుంది. ఆ రోజు గొడ్డలి సినిమా. పిన్ని పడీపడీ నవ్వుకుంటూ చూసింది. తర్వాతి వారం, ఆ తర్వాతి వారం కూడా కోడలు కూర్చుంది. ఆపైన ఆదివారం వచ్చిందంటే తలనొప్పి మొదలైంది.

ఒకరోజు పిన్ని గిన్నెలు తోముతుంటే కొడుకు వంటింట్లోకి వచ్చి, అక్కర్లేని గ్లాసు తీసి మళ్లీ పెట్టాడు.

"అమ్మా, ఒక మాట. కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకునే మాటైతే తెచ్చుకుంటాను. చెప్పు."

"తను భయపడుతోంది. షాపు పక్కవీధిలో వాటా ఒకటి ఖాళీ అవుతోందట, వెళ్దామా అంటోంది. నెలాఖరులోగా చెప్పాలి."

పిన్ని చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ పిల్ల వచ్చాకే ఇంట్లో మాటలు పెరిగాయి. తల దువ్వుకుంటూ కూనిరాగాలు తీస్తుంది. పిల్లికూనలా తుమ్ముతుంది. తీగ తెగితే లిఫ్టు కిందపడుతుందా పడదా అని భోజనాల దగ్గర మామగారితో వాదన పెట్టుకుంటుంది. ఆయన అంతసేపు మేలుకుని ఉండటం పిన్ని ఎన్నాళ్ల తర్వాతో చూసింది. ఆ పిల్ల వెళ్లిపోతే ఈ ఇల్లు మళ్లీ గుర్రు వినుకుంటూ కూర్చోవలసిందే.

"సరేలే. కొన్నాళ్లపాటు ఎవర్నీ చంపను" అంది.

మర్నాడు బేకరీ కౌంటరు పిల్లను అడిగింది, రక్తం చుక్క కనపడని సినిమాలేమైనా ఉన్నాయా అని. "ఇంటిల్లిపాదీ కలిసి చూసేవి బోలెడున్నాయి పిన్నీ" అంటూ ఆ పిల్ల కొన్ని పేర్లు చెప్పింది. పిన్ని వాటి కథాకమామిషు కనుక్కోలేదు. శవాలు లేవంటే చాలనుకుంది.

మొదటి సినిమాలో అత్త కోడల్ని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. రెండోదాంట్లో కోడలు తాగే పాలల్లో ఏదో కలిపింది. పిన్నికి ఆవులింతలు తన్నుకొస్తున్నా కోడలి కోసం ఓర్చుకుంది. కానీ అభిప్రాయం చెప్పకుండా ఉండలేని నోరు కదా.

"ఈవిడకు బొత్తిగా తెలివి లేదే! పాలల్లో కలిపితే రంగు మారదూ? కాఫీలో అయితే ఎవరికీ తెలియదు."

మర్నాటి నుంచి కోడలు తన కాఫీ తనే కలుపుకోసాగింది. పనిలో సాయం చేస్తోందని పిన్ని మురిసిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం, కొడుకు వాటా సంగతి తేల్చుకొస్తానని బయటికెళ్లాడు. ఇక్కడ సినిమాలో అత్త పింగాణీ కూజా తానే పగలగొట్టి, నేరం కోడలి మీదికి తోసింది. ఉన్నట్టుండి కోడలు రిమోటు లాక్కుని బొమ్మ ఆపేసింది.

"అత్తయ్యా, నావల్ల తప్పేమైనా జరిగితే మొహం మీదే చెప్పండి. ఇలా సినిమాలు పెట్టి చెప్పడం దేనికి?"

"నేనేం చెప్పానే?"

"తాళం వేసిన అత్త, పాలల్లో కలిపిన అత్త, ఇవాళ ఈ కూజా అత్త. నాకు ఆమాత్రం అర్థం కాదా?"

పిన్ని గబుక్కున ఇటు తిరిగింది. "అయ్యో నా తల్లీ! నువ్వు శవాలకు జడుసుకుంటున్నావని కదా ఇవి పెట్టాను!"

"శవాలకు భయమని ఎవరన్నారు? నయం, వాటిల్లో అత్తగార్లుండరు."

"మీ ఆయనే చెప్పాడు, భయపడుతున్నావని."

"భయం నిజమే. సినిమాలంటే కాదు." కోడలు దిండు అంచు పీకుతూ ఆగింది. "మీరంటే."

పక్క కుర్చీలో గుర్రు ఠక్కున ఆగిపోయింది.

"వాడు గొడ్డలి ఎత్తుతాడు. నేను దిండు కొరుక్కుంటుంటాను. మీరేమో పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ తర్వాత లేచి, నవ్వుతూనే నాకు భోజనం వడ్డిస్తారు. ముద్ద దిగుతుందా అత్తయ్యా?"

తన నవ్వు పక్కవాళ్లకు ఎలా వినిపిస్తుందో ఇన్నేళ్లలో పిన్నికి తట్టనే లేదు. వినడానికి మేలుకున్నవాళ్లుంటే కదా.

"ఎందుకు నవ్వుతున్నారని అడగొచ్చుగా?"

"అడగడానికే కదా భయం!"

పిన్ని రిమోటు తీసుకుని గొడ్డలి సినిమా మళ్లీ పెట్టింది. కావలసిన చోటు దాకా పరుగెత్తించి ఆపింది.

"దిండు తియ్యి. చూడు. చంపడానికే వచ్చాడు. గుమ్మం దగ్గర ఏం చేశాడు?"

కోడలు ఒక కన్ను తెరిచింది. "బూట్లు విప్పాడు."

"విప్పి?"

"పక్కపక్కన... సర్దాడు."

"వాళ్లమ్మ ఎంత బాగా పెంచిందో చూడు!"

కోడలి నోట్లోంచి ఫక్కున నవ్వొచ్చింది. ఆపుకోబోతే పిల్లికూన తుమ్మయింది. "మళ్లీ వేయండి" అంది. రెండోసారి ఇంకా ముందుకు జరిగి కూర్చుని చూసింది. "ఆగండాగండి అత్తయ్యా! ఆ చచ్చేవాడి సంగతి చూడండి. అరవాలని నోరు తెరవబోయి, ముందు నోట్లోది నమిలి మింగుతున్నాడు!"

పిన్ని కళ్లజోడు సర్దుకుంది. నిజమే. దవడ ఆడుతోంది. ఎన్నిసార్లు చూసిందో ఈ సినిమా, ఒక్కసారీ కనిపించలేదు. "ఓసి నీ కళ్లు చల్లగుండ!" అంటూ కోడలి వీపు మీద ఒక్కటిచ్చింది.

అప్పుడే తలుపు తీసుకుని కొడుకు వచ్చాడు. "వాటా మనకే. వెళ్లి చూసుకోమని తాళంచెవి కూడా ఇచ్చారు. బయల్దేరు."

పిన్ని నవ్వు సగంలో ఆగింది.

"ఇచ్చేసి రా" అంది కోడలు, తెరమీంచి చూపు తిప్పకుండా.

"అదేంటి? నువ్వేగా..."

"నేనే అన్నాను, ఇప్పుడూ నేనే అంటున్నాను. మనకక్కర్లేదని చెప్పేసి రా. ముందు టీవీకి అడ్డం జరుగు, వాడు మెట్లెక్కుతున్నాడు."

కొడుకు తల్లి వంక చూశాడు. నాకేం తెలుసన్నట్టు పిన్ని భుజాలెగరేసింది. అతను తండ్రి వంక చూశాడు. ఆ పెద్దాయన మాత్రం నిద్ర పూర్తిగా వదిలించుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, "మెట్లెందుకెక్కుతున్నాడు? ఆ బిల్డింగులో లిఫ్టు లేదా?" అంటున్నాడు.