గొర్రె అరుపు వినే మామ్మ

సమూయేలు ప్రవక్తకి ఆ రోజు జ్వరమొచ్చి, ఆయన బదులు మా మామ్మ దేవకుమారి వెళ్ళి ఉంటే, సౌలు రాజు సాకులు చెప్పే సాహసమే చేసేవాడు కాదు. గొర్రెలు కూడా మామ్మని చూసి నోళ్ళు మూసుకుని వరసలో నిలబడేవి. పందెం కాసి చెబుతాను. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

ఈ బైబిల్ కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. శత్రువుల మందలో ఒక్క గొర్రెపిల్లనీ మిగల్చవద్దని దేవుడు సౌలుకి చెప్పాడు. రాజు బక్కవాటిని చంపి, బలిసినవాటిని దాచుకున్నాడు. ప్రవక్త రాగానే ఎదురెళ్ళి, "చెప్పిందంతా చేసేశానండీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక గొర్రెలు అరిచాయి. అవేంటని ప్రవక్త అడిగితే, "దేవుడికి బలిద్దామనే ఉంచాను" అన్నాడు రాజు. ప్రవక్త వెళ్ళిపోతుంటే పట్టుకు లాగాడు. అంగీ చిరిగింది.

మామ్మకి బతకడానికి ఈ ఒక్క కథ చాలు. ఎవరు సాకు చెప్పినా కుడిచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఎక్కడో గొర్రె అరుస్తోంది" అనేది.

లెక్కలన్నీ చేసేశానని ఒకరోజు నేను చెప్పాను.

"గొర్రె అరుస్తోందే ప్రవల్లికా."

"ఖతర్‌లో గొర్రెలెక్కడివి మామ్మా?"

"ఫ్రిజ్ వెనక" అంది. నా నోటుపుస్తకం అక్కడే ఉంది.

నజ్మా పేటలో మా ఇంటి కింద ఒక మలయాళీ చేపల కొట్టు పెట్టాడు. "ఫ్రెష్, అమ్మా, ఫ్రెష్!" అంటాడు. చేప కళ్ళేమో వేరే సంగతి చెబుతున్నాయి. అతనికి తెలుగు రాదని మామ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టి, నడి కొట్లో "మే..." అని అరిచి చూపించింది. "మాఫీ మటన్, అమ్మా! ఓన్లీ ఫిష్!" అని, మటన్ లేదని అరబ్బీ కలిపి మొత్తుకున్నాడు పాపం. అయితేనేం, మర్నాటి నుంచి మామ్మ కనబడితే చాలు, కింద దాచిన తాజా చేపల బుట్ట పైకొచ్చేది.

అక్కడ సెలవు శుక్రవారం, చర్చిలేమో ఉండేవి కావు, అందుకని శుక్రవారం ఆరాధన మా హాల్లోనే. తెరలు దించి, గొంతులు తగ్గించి పాడుకునేవాళ్ళం. ప్రసంగం చేసే అంకుల్ "ఇంకొక్క ఐదు నిమిషాలు" అనగానే మామ్మ చెయ్యి చెవి వైపు కదిలేది. ఆయన నిమిషంలో ఆమేన్ చెప్పేవాడు. అందుకే మా పిల్లలందరికీ మామ్మంటే ప్రాణం.

ఇక తొంభై ఆరు జులై సంగతి. మా నాన్న నిత్యానందం ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి. ముఐథర్‌లో పనివాళ్ళుండే క్యాంపులో పన్నెండు గదులుంటే, మేనేజర్ నిసార్ అహ్మద్ పన్నెండు కొత్త ఏసీలు తెప్పించాడు. "అన్నీ క్యాంపుకే పోవాలె, ఒక్కటి గూడ ఇటూ అటూ కావద్దు" అన్నాడట. ఈ మాట నాన్నే ఇంట్లో చెప్పాడు.

అదే వారం మామ్మ గదిలోకీ ఒక కొత్త ఏసీ వచ్చింది. "ఆఫర్‌లో కొన్నానమ్మా, నీ పాతదాన్ని చెత్తలో పడేశా" అన్నాడు నాన్న. మామ్మ మురిసిపోయింది. తణుకులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "ఇక్కడ ఒకటే చలే, రగ్గు కప్పుకుంటున్నా" అని కోసింది.

శుక్రవారం క్రేన్ ఆపరేటర్ సైలస్ క్యాంపు నుంచి ఆరాధనకి వచ్చి, ప్రార్థన మధ్యలో గురక పెట్టాడు. భోజనాల దగ్గర మామ్మ గరిటె పట్టుకుని అడిగింది.

"ఏరా సైలస్, కొత్త ఏసీలొచ్చాయంటగా? ఇంకా నిద్ర చాలట్లేదా?"

"మా గదిక్కూడా పెట్టారు మామ్మగారూ. ఏం ఏసీయో ఏంటో! ముసలోడిలా దగ్గుద్ది, తర్వాత ఈలేసి ఆగిపోద్ది. ఎనిమిదిమందిమి ఉడికిపోతున్నాం. నిన్న క్రేన్ మీద నాకు కునుకు పట్టేసిందండి. కింద పదిమంది ఉన్నారు. ఎవరో కేకేశారు కాబట్టి సరిపోయింది."

మామ్మ గరిటె గాల్లోనే ఆగింది. దగ్గి, ఈలేసి, ఆగిపోవడం. ఆ సంగీతాన్ని ఆవిడ తన పాత ఏసీలో ఆరేళ్ళు విన్నది.

అందరూ వెళ్ళాక నాన్నని తన గదిలోకి పిలిచి తలుపేసింది. నేను మంచం వెనక ఉన్నాను. ఎందుకున్నానని అడగకండి.

"నిత్యం, మీ సాబ్ చెప్పిన పన్నెండూ క్యాంపులో పెట్టేశావా?"

"అన్నీ పెట్టేశానమ్మా."

కొత్త ఏసీ మెత్తగా మూలుగుతోంది. మామ్మ చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది.

"మరి ఇదేం అరుపురా?"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "నీకోసమేనమ్మా. పోయిన వేసవిలో ఉక్కకి కళ్ళు తిరిగి పడిపోలేదూ? ఒక్కటేగా!"

"సౌలూ దేవుడికోసమే అన్నాడు. దేవుడు అడిగాడా? నేనడిగానా?"

"ఇప్పుడు తీసుకెళ్తే సాబ్‌కి తెలిసిపోద్ది. నా ఉద్యోగం..."

"క్రేన్ కింద పదిమంది ఉన్నార్రా!" అంటూ మామ్మ తలుపు వైపు నడిచింది. నాన్న ఆగమంటూ చెంగు పట్టుకున్నాడు. చర్రున చిరిగింది.

ఇద్దరూ ఆ చిరుగు వైపే చూశారు. మామ్మ మొహం వెలిగిపోయింది.

"చూశావా, అంగీ కూడా అయిపోయింది! ఇంక నేనాగితే బాగోదు. పద."

గంటలో పికప్ వెనక కొత్త ఏసీ, ముందు చిరుగుకి పిన్నీసు పెట్టుకున్న మామ్మ, పక్కన డబ్బాడు స్క్రూలతో నేను. ముఐథర్‌లో సైలస్ గది కిటికీకి నాన్న ఏసీ ఎత్తుతుండగా నిసార్ అహ్మద్ కారొచ్చి ఆగింది.

"క్యా నిత్యానందం, నిన్ననే పన్నెండు అయినయ్ అన్నవు. మరి ఇదేంది?"

నాన్న నోరు తెరిచాడు. మామ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నా పనే సాబ్. కొత్తది కదా అని ఆశపడి నా గదిలో పెట్టించుకున్నాను. వాడు వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నాడు."

సాబ్ మామ్మనీ, పిన్నీసునీ, చెమటలు కక్కుతున్న నాన్ననీ మార్చి మార్చి చూశాడు. "మా అమ్మ గూడ గిట్లనే, మాట వినది" అని నవ్వాడు. "యల్లా, జల్దీ బిగించుండ్రి" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు వెలిగింది. ఫ్రిజ్ వెనక నోటుపుస్తకం సంగతి మా అమ్మకి ఈరోజుకీ తెలియదు. చేపల కొట్టు గురించి మామ్మ వీధిలో ఒక్కరితోనూ అనలేదు. అందరి గొర్రెలూ మామ్మకి వినబడేవి. దొరికిన గొర్రెని మాత్రం తన కొంగు కింద దాచేసేది.

అంత గొప్ప విషయం తెలిశాక ఊరుకోవచ్చు కదా? నేను ఊరుకోలేదు. కుడిచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను.

"మామ్మా, ఎక్కడో గొర్రె అరుస్తోంది!"

"అరవనియ్యవే, అది నాది. నువ్వు నోరు మూసుకుని స్క్రూలందియ్."